బావమరిది చెరువు రొయ్యలు

బ్లీచింగ్ డబ్బా మూత తీస్తే అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. ఇవాళ పొద్దున గణపవరంలోని నా చిన్న నీటి పరీక్షా కేంద్రంలో ఆ వాసన తగలగానే షమీమ్ మేడమ్ గుర్తొచ్చారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఏలూరులో ఒక మందుల కొట్టు మేడ మీద ఆవిడ ల్యాబు నడిపేవారు. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ ప్యాసింజరు రైల్లో వెళ్ళి ఆవిడ దగ్గర పని నేర్చుకున్నాను.

కొల్లేటి చుట్టుపక్కల రొయ్యల రైతులు కూల్‌డ్రింకు సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకొచ్చేవారు. అంతా బాగుంటే "మా చెరువేనండీ" అని గర్వంగా చెప్పేవారు. రోగం తగిలిందన్న అనుమానముంటే మాత్రం అది ఎప్పుడూ బావమరిది చెరువే! ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని భయం. అప్పట్లో నాకు దుడుకెక్కువ. "ఇంతమంది బావమరుదులు ఎక్కణ్ణించి వస్తారు మేడమ్? ఈసారి మొహం మీదే అడిగేస్తాను," అన్నాను.

"అడిగితే మళ్ళీ రారమ్మా. ఎవరికీ చూపించకుండా ఆ నీళ్ళు కాలవలోకి వదిలేస్తారు, రోగం కింది చెరువులకీ పాకుతుంది," అన్నారావిడ. నాకది ఉత్త మెతకదనంగా తోచింది.

ఒక వేసవిలో ముదినేపల్లి వైపు నుంచి సుబ్బరాజుగారనే పెద్దాయన ప్లాస్టిక్ కవరులో రొయ్యలు తెచ్చారు. "మా బావమరిది చెరువువండీ," అన్నారు, ఎవరూ అడక్కుండానే. మేడమ్ ఒక రొయ్య తలపెంకు ఊడదీసి వెలుతురులో పట్టి చూశారు. తెల్లమచ్చ రోగం. నాకూ స్పష్టంగా కనబడింది.

"నీళ్ళు కాలవలోకి వదలొద్దని ఆయనకి చెప్పండి. తూము బిగించేసి, బ్లీచింగ్ కొట్టి, కొన్నాళ్ళు చెరువులోనే ఆపాలండీ."

"అన్నాళ్ళాపితే మళ్ళీ పంట ఆలస్యమైపోద్ది కదండీ. సాయంత్రం తూమెత్తేద్దామనుకుంటన్నాను..." ఆయన నాలిక్కరుచుకుని, "అనుకుంటన్నాడండీ," అని సర్దుకున్నారు.

మేడమ్ విననట్టే ఊరుకున్నారు. "ఆ కాలవలో నీళ్ళు కిందెవరు తోడుకుంటారండీ?" అని మాత్రం అడిగారు.

సుబ్బరాజుగారు రొయ్యల కవరు మూతి ముడేశారు. "కింద చెరువు మా బావమరిదిదండీ. ఒట్టు, ఇది నిజం. మా ఆవిడ తమ్ముడు. గట్టు తగాదాలో మాటల్లేవు. వాడి రొయ్యలింకా బాగానే ఉన్నాయండీ."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. మేడమ్ కంటితోనే నన్ను గదిమి, ఫోను ఆయన ముందుకు జరిపారు. "ల్యాబు మేడమ్ చెప్పమన్నారనండి. నీళ్ళు తోడే ఇంజను ఆపి తూము మూసుకోమనండి చాలు. తగాదా సంగతి తర్వాత."

"ఒరేయ్, నేనురా, బావని. పెట్టెయ్యకు. నా చెరువు పోయిందిరా," అన్నారాయన. ఆ ఒక్క మాటతో నా నవ్వు ఎటో పోయింది. చెరువు పోయిందని ఆయన మొదటిసారి పైకి చెప్పింది మాతో కాదు, ఆ బావమరిదితోనే.

పై చెరువు దక్కలేదు. కింద చెరువు నిలిచింది. రొయ్యలు పట్టిన రోజున ఇద్దరూ ఒకే మోటారుసైకిలు మీద వచ్చి మాకో సంచీడు రొయ్యలిచ్చి వెళ్ళారు. సుబ్బరాజుగారి మొహం చూస్తే ఆ పంట ఆయనదే అనుకునేలా ఉంది.

మేడమ్ దగ్గర అమ్మోనియా కొలవడం నేర్చుకున్నాను, ఉప్పదనం చూడడం నేర్చుకున్నాను. వాటికిప్పుడు మిషన్లొచ్చాయి. ఎదుటి మనిషి పరువు నిలబెడుతూ పని జరిపించడం మాత్రం ఆవిడ పెట్టిన భిక్షే. ఇవాళ వచ్చిన రైతు తెల్లమచ్చ రొయ్యలు బల్లమీద పెట్టి, "మా తోడల్లుడి చెరువువండీ," అన్నాడు.

చెయ్యాల్సినవన్నీ చెప్పాను. అతను లేచి వెళ్ళబోతుంటే, "పాపం, మీ తోడల్లుడికి కాస్త ధైర్యం చెప్పండి," అన్నాను.

"చెప్తానండీ," అంటూ అతను కళ్ళు తుడుచుకున్నాడు.