పద్దెనిమిది అక్షరాల మాట

ఇరవై రెండేళ్లుగా ఒక ఇంగ్లిషు మాటను మోస్తున్నాను. పద్దెనిమిది అక్షరాల మాట. దాని అర్థం నాకు ఇప్పటికీ సరిగా తెలియదు, చర్చి పూజలకు సంబంధించినదని మాత్రం తెలుసు. అర్థం తెలియని మాటకు ఇంత బరువేమిటి అంటారేమో. మోసి చూడండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే ఓదార్చడానికి వస్తారు. ఓదార్పంటే నాకు ఒళ్లు మంట.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిషు చెబుతాను. వీధి వీధికీ కోచింగ్ బోర్డులు. ఫౌండేషన్, రిజిస్ట్రేషన్, ఎగ్జామినేషన్. అన్నిటికీ చివర టి, ఐ, ఓ, ఎన్. ఆ నాలుగక్షరాలు కంటపడితే వైశాలి గుర్తొస్తుంది, గుర్తు రాగానే కోపమొస్తుంది. ఎవరి మీద? నా మీద అని రాస్తే బాగుంటుంది. కాదు. మొదట ఆమె మీదే వస్తుంది, ఇప్పటికీ.

మాది బోథ్ దగ్గర పల్లె. మాకు పత్తి చేలు ఉండేవి. వైశాలి వాళ్లు పెన్‌గంగ నది అవతలి నుంచి పత్తి ఏరడానికి వచ్చి మా ఊళ్లోనే ఉండిపోయారు. వాళ్లమ్మ మా చేనులోనే ఏరేది. ఇంట్లో వాళ్లది మరాఠీ. ఆ పిల్ల తెలుగు మాట్లాడితే క్లాసంతా నవ్వేవాళ్లం. అలాంటి పిల్ల మా సర్కారు బడిలో చేరిన మూడు నెలలకే ఇంగ్లిషులో నాతో సమానంగా మార్కులు తెచ్చుకుంది. అప్పటిదాకా మొదటి బెంచీ మొదటి చోటు నాది. మా చేనులో కూలి చేసే మనిషి బిడ్డ వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు కడుపు మండిపోయింది.

మా ఇంగ్లిషు సార్ శనివారాలు ఒక ఆట ఆడించేవారు. బోర్డు మీద కొన్ని అక్షరాలు రాస్తారు. ఆ అక్షరాలు వరసగా వచ్చే అన్నిటికన్నా పొడుగు మాట ఎవరు తెస్తే వాళ్లు గెలిచినట్టు. బడిలో ఉన్న ఒక్కగానొక్క డిక్షనరీలో ఆ మాట కనిపించాలి, లేకపోతే చెల్లదు. మేం తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది, నిర్మల్‌లో ఒక హాస్టల్ బడివాళ్లు మా బడి నుంచి ఒక్కరిని ఉచితంగా చేర్చుకుంటామన్నారు. పేరు పంపాల్సింది సార్. మా ఇద్దరి మార్కులూ ఒకటే కావడంతో ఆయన శనివారం ఆటతో తేలుస్తానన్నారు. ఒక పిల్ల బతుకును ఆటతో తేల్చే మనిషిని ఏమనాలి? సోమవారమే బోర్డు మీద టి, ఐ, ఓ, ఎన్ అని రాసి శనివారం దాకా గడువిచ్చారు.

నేను సోషల్ పుస్తకం తిరగేసి ఇండస్ట్రియలైజేషన్ పట్టుకున్నాను. పదిహేడు అక్షరాలు. దాన్ని దాటే మాట లేదనుకున్నాను.

క్లాసు లీడరును నేనే. డిక్షనరీ ఉండే బీరువా తాళంచెవి నా దగ్గరే ఉండేది. గురువారం మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయాక వైశాలి వచ్చి డిక్షనరీ అడిగింది. ఇచ్చాను. నా ఎదురుగానే కూర్చుని ఒక్కో పేజీ తిప్పింది. ఒకచోట ఆగి, వేళ్లు మడుస్తూ అక్షరాలు లెక్కపెట్టి, నన్ను పిలిచి చూపించింది. ట్రాన్‌సబ్‌స్టాన్షియేషన్. పద్దెనిమిది. నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "జర ఎవ్వలకు జెప్పకు" అంది. నన్ను స్నేహితురాలు అనుకుంది. దానికి కూడా నాకు కోపమే. నేను ఏం చేశానని అలా నమ్మింది?

ఆమె వెళ్లిపోయాక ఆ పేజీ చింపేశాను.

దానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. పాత డిక్షనరీ, కుట్లు ఊడిపోయి ఉంది. మడిచి జాకెట్లో దోపుకుని ఇంటికెళ్లి, ఆదిలాబాద్ మార్కెట్‌కు పోవడానికి సిద్ధంగా ఉన్న పత్తి బోరెంలో, ఆ పెద్ద గోనె సంచిలో, లోపలిదాకా కుక్కాను. మర్నాడు పొద్దున బండి పోయింది. ఆ పత్తిలో వైశాలి వాళ్లమ్మ ఏరిందీ ఉండే ఉంటుంది.

శనివారం సార్ మొదట నా మాట చెప్పించుకున్నారు, తర్వాత వైశాలిని లేపారు. ఆమె బోర్డు మీద తప్పు లేకుండా రాసింది. సార్ డిక్షనరీ తిప్పారు, మళ్లీ తిప్పారు.

"ఏడున్నదే? నాకైతే కనవడుత లేదు. గింత పొడుగు మాట నేను ఎన్నడు ఇనలే. అర్థం జెప్పు."

"అర్థం సమజ్ గాలే సార్. గని గా డిక్షనరీలనే ఉన్నది. నేను జూసిన. గీమెకు గూడ జూపిచ్చిన."

సార్ నా వైపు తిరిగారు. "నువ్వు జూసినవా?"

"లే సార్. నాకేం జూపియ్యలే."

"దొంగమాట పుట్టిచ్చి సీటు కొట్టేద్దామనుకున్నవా? పో, బయట నిలవడు."

క్లాసంతా గొల్లున నవ్వింది. వైశాలి ఏడవలేదు. వాకిట్లో నిలబడి నన్నే చూసింది. ఏడిస్తే బాగుండునని నాకు అనిపించింది, అప్పుడు గెలిచినట్టు ఉండేది. సార్ పేజీ నంబర్లు చూసి ఉంటే అక్కడికక్కడే దొరికిపోయేదాన్ని. ఆయన చూడలేదు. ఆయన్ని నేను ఇంకా క్షమించలేదు. నవ్వొస్తోందా? నన్ను పట్టుకోనందుకు ఒకాయన మీద ఇరవై రెండేళ్లుగా పగ పెట్టుకున్నాను.

విషయం బడిలో ఆగలేదు. నేనే ఇంట్లో చెప్పాను, నవ్వుకుంటూ. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం. అవ్వ చేనులో పదిమంది కూలీల ముందు వైశాలి వాళ్లమ్మతో అంది: "నీ బిడ్డ సార్ ముంగటనే అబద్ధాలాడుతదట గదనే." ఆ తల్లి ఆ సాయంత్రం బిడ్డను గట్టు మీద పడేసి కొట్టింది. సోమవారం వైశాలి బడికి రాలేదు. తర్వాత కూడా రాలేదు. నేను నిర్మల్ వెళ్లే ముందు చేనుకు పోతే ఒడి కట్టుకుని తల్లి పక్కన పత్తి ఏరుతోంది. తలెత్తి నన్ను చూసి మళ్లీ వంగింది. ఒక్క తిట్టు తిట్టినా నాకు తేలికయ్యేది. ఆ తేలిక కూడా నాకివ్వలేదని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

మరుసటి ఏడు వాళ్లు పెన్‌గంగ దాటి వెళ్లిపోయారని విన్నాను. ఎక్కడున్నారో తెలియదు. వెతికాను, దొరకలేదు అని రాయబోయి ఆగాను. వెతకలేదు. ఒక్కసారి కూడా వెతకలేదు.

చిన్నతనం అంటారా? అనకండి. పద్నాలుగేళ్ల పిల్లకు అబద్ధమేదో నిజమేదో తెలుసు. చదువు మీద ఆశతో చేసిందిలే అంటారా? అది అసలే అనకండి. ఈ ఒక్కటి నేను ఎవరికీ, చివరికి నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆ సీటు నాకు అవసరమే లేదు. అది రాకపోయినా బాపు ఫీజు కట్టి అదే బడిలో చేర్పించేవాడు, ముందే మాటిచ్చాడు. ఇద్దరం కలిసి నిర్మల్ పోయేవాళ్లం. అక్కడ కూడా ఆమె నా పక్క బెంచీలో కూర్చునేది. అది జరగకూడదనే చింపాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? ఆ రోజు సార్ అడిగిన దానికి జవాబు బాకీ ఉంది, అది మాత్రం ఇక్కడ రాస్తాను.

చూసిన సార్. డిక్షనరీలనే ఉండె. ఆమె అబద్ధమాడలే, నేనాడిన.