కండక్టరుకు ఎంత లోతు

ఆ రోజుల్లో మార్కాపురంలో నీళ్ళను బిందెలతో లెక్కపెట్టుకోవడమే కానీ లోతు చూసే భాగ్యం ఎవరికీ ఉండేది కాదు. ట్యాంకరు హారన్ వినపడితే చాలు, పొయ్యి మీద కూర మాడిపోతున్నా వదిలేసి వీధంతా పరుగెత్తేది (ఇప్పుడు మాత్రం తీరిగ్గా నడిచి వెళ్తున్నారా ఏం!). అలాంటి ఊరికి, నీళ్ళు లేకపోతే బతకలేని జీవాలను రెండింటిని పనిగట్టుకుని తెచ్చిన మహానుభావుడు మా తమ్ముడు. ఇంటర్ చదివే రోజుల్లో గుంటూరులో మా చిన్నమ్మ ఇంటికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని రైల్లో తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ తాబేళ్ళు. ఒకటి ఎప్పుడు చూసినా బస్సు తలుపులోంచి తొంగిచూసే మనిషిలా మెడ బయటికి చాచి ఉండేది. రెండోది మొదటిది కదిలితే తప్ప కదిలేది కాదు. అందుకని వాటికి కండక్టరు, డ్రైవరు అని వాడే పేర్లు పెట్టాడు.

"కోసుకుని తినేది గాదు, మొరిగి కాపలా కాసేది గాదు. ఏందిరా ఇది?" అన్నాడు నాయన. రాచర్లలో గొర్రెలు కాసే మా పెదనాయన వచ్చినప్పుడు, వీటికి ఎన్ని నీళ్ళు పోయాలని తమ్ముడు అడిగాడు. "గొర్రెకైతే మోకాటి లోతు దాటనీయంరా. దీనికి మోకాలు యాడుందో నువ్వే చూసి చెప్పు" అని ఆయన తాబేలును వెల్లకిలా తిప్పి నిజంగానే వెతికాడు. తమ్ముడు ఎవరి మాటా వినలేదు. పాత ప్లాస్టిక్ టబ్బులో సగానికి నీళ్ళు పోసి, ఎక్కి ఎండకు కూర్చోవడానికి ఒక రాయి పెట్టాడు. రెండూ సుఖంగా ఈదుకున్నాయి.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఊరి బయట పలకరాయి తవ్వి వదిలేసిన గని గుంటల్లో నీళ్ళు నిండాయి. స్నేహితులతో ఈతకు పోయిన మా తమ్ముడు తిరిగి రాలేదు.

ఇంతకంటే దాని గురించి ఇప్పటికీ రాయలేను. ఆ తర్వాత మా అమ్మ ఇంట్లో నీళ్ళను నిలవనీయలేదు. స్నానాల డ్రమ్ము బోర్లించేసింది. బిందె నిండా పట్టడం మానేసి సగం సగం మోసుకొచ్చేది. తాబేళ్ళ టబ్బులో అడుగు తడిసేంత మాత్రం ఉంచింది. "వాడు పెంచుకున్న పానాలు. ఇయ్యి గూడా మునిగిపోతే నేను తట్టుకోలేనమ్మా" అంది. తాబేలు మునగదని చెప్పబోయాను. వాడికి ఈత వచ్చని కూడా అందరం చెప్పుకున్నవాళ్ళమే కదా అని గుర్తొచ్చింది.

ఒకరోజు పొద్దున డ్రైవరు వెల్లకిలా పడి చచ్చిపోయి ఉంది. "నీళ్ళు మింగిందేమో!" అని అమ్మ గుండెలు బాదుకుని, ఉన్న నీళ్ళలో కూడా సగం ఒంపేసింది. నేనప్పుడే ఒక కంటి ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగంలో చేరాను. మధ్యాహ్నం ఖాళీలో ఫోనులో వెతికితే ఒక తెల్లాయన వీడియో దొరికింది. గోడంత అద్దాల తొట్టి ముందు నిలబడి ఏదో చెప్తున్నాడు (ఆ నీళ్ళుంటే మా వీధికి వారం గడుస్తుంది). నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ: డిప్ప వెడల్పు కంటే లోతు ఎక్కువుంటేనే వెల్లకిలా పడిన తాబేలు నీళ్ళలో దొర్లి లేస్తుంది. తక్కువైతే లేవలేదు.

అంటే డ్రైవరు చచ్చింది నీళ్ళు ఎక్కువై కాదు, చాలక. ఈ మాట అమ్మకు ఏ నోటితో చెప్పను? చెప్పకపోతే కండక్టరు కూడా పోతుంది.

తమ్ముడి చిన్నప్పటి పలక ఒకటి అటక మీద ఉండేది. మా నాయన పలకల మిల్లులో పనిచేసేవాడు. బడిలో మారిపోతుందని మేకుతో పేరు చెక్కి ఇచ్చాడు. అందరూ మూలన చెక్కిస్తే ఆయన నడిమధ్య ఇంతింత అక్షరాలతో చెక్కాడు (పాపం, తనకు లెక్కలు రాకపోవడానికి చోటు లేకపోవడమే కారణమని అప్పట్లో తమ్ముడు వాదించేవాడు). ఆ పలకను టబ్బులో నిలబెట్టి, "అమ్మా, బలపంతో గీత గియ్యి, ఆ గీత దాటకుండా పోద్దాం" అన్నాను. అమ్మ అడుగు నుంచి వేలి మందం ఎత్తులో ఒక గీత గీసింది. నీళ్ళు మార్చినప్పుడల్లా అది చెరిగిపోయేది. మళ్ళీ గీసే పని నాది, గీత దాకా నీళ్ళు పోసే పని అమ్మది.

ఇక చూసుకోండి నా తెలివి! గీసిన ప్రతిసారీ గోరంత పైకి జరిపేదాన్ని. ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, సినిమా పాట కూనిరాగం తీస్తూ మరీ గీసేదాన్ని. అమ్మ గీత చూసి పోసేది, నేను లోపల మురిసిపోయేదాన్ని. కండక్టరుకు మళ్ళీ మెడ సాగింది. అలా జరుగుతూ జరుగుతూ నీళ్ళు తమ్ముడి పేరు కింది దాకా వచ్చాయి. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఇంకా రెండు వేళ్ళ లోతు కావాలి. కావాలంటే వాడి పేరు మునగాలి. ఎన్నిసార్లు బలపం పట్టుకున్నా నా వల్ల కాలేదు, పాత చోటనే గీస్తూ వచ్చాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అమ్మ బిందెతో టబ్బు దగ్గర నిలబడింది.

"ఏమ్మే, ఆగిపోయినావే? ఇన్నాళ్ళూ పైకి జరుపుతా వస్తివి గదా."

"నీకు తెలుసా అమ్మా?"

"పోసేదాన్ని నేను, నాకు తెల్వదా? డ్రైవరు నీళ్ళు చాలక పోయిందని గూడా తెలుసు. నీళ్ళు ఒంపేసినాక ఆ దినమే తట్టింది, అది దొర్లేందుకు నీళ్ళు యాడున్నాయని. పొయ్యాలని బిందె ఎత్తి మళ్ళీ దించేదాన్ని. నువ్వు దొంగతనంగా జరుపుతా ఉంటే, పోనీలే, గీత గీసింది నా బిడ్డ, నేను గాదు అని కండ్లు మూసుకుని పోసినా."

"ఇంకా పోస్తే వాడి పేరు..."

"మునగనీలేమ్మా. వాని పేరు పలక మీద ఉంటేనే నాకు గుర్తుంటాడా?"

అమ్మ బిందె వంచింది. నీళ్ళు ఒక్కో అక్షరాన్నీ దాటి పైకి పోయాయి. అమ్మ ఏడుస్తూనే పోసింది, నేను ఏడుస్తూనే చూశాను. అంతలో రాయి మీద నుంచి కండక్టరు జారి వెల్లకిలా పడింది. అది నీళ్ళలో ఒక్కసారి దొర్లి, తిన్నగా లేచి, ఏమైందన్నట్టు మెడ చాచి మా ఇద్దరినీ చూసింది. "టికెట్ అడుగుతాండాది చూడు" అని అమ్మ నవ్వింది. వాడు పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

కండక్టరు ఇప్పుడు పళ్ళెమంత అయింది. పెళ్ళయ్యాక నేనొచ్చిన గిద్దలూరు ఇంట్లోనే, సిమెంటు తొట్టిలో ఉంది. అమ్మ వచ్చినప్పుడల్లా నన్ను పలకరించక ముందే తొట్టిలోకి తొంగిచూసి, "నిండుగా పొయ్యమ్మే" అంటుంది. అప్పుడు నాకు బలపం పట్టుకుని, కూనిరాగం తీస్తూ, అమ్మ కళ్ళు కప్పుతున్నానని మురిసిపోయిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వు ఆపుకోలేక, కళ్ళు తుడుచుకుని, బిందె ఎత్తుతాను.