మార్తమ్మ సంతకం పెట్టని అఫిడవిట్

కరోనా తగ్గి కోర్టులు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, విశాఖపట్నం కోర్టులో నేను ఒక విదేశీ కంప్యూటర్ కంపెనీ చేత మూడు చెరువుల నీళ్లు తాగించాను. ప్రపంచమంతా సరుకు అమ్ముకునే కంపెనీ అది. దాని తరఫున హైదరాబాదు నుంచి నలుగురు ప్లీడర్లు విమానం దిగి వచ్చారు. విజయనగరం నుంచి నేనొక్కణ్ణి నా పాత కారులో వెళ్లాను. గంటసేపు వాదించాను. ఆఖరికి ఆ కంపెనీయే దిగివచ్చి, నష్టపరిహారం అక్కర్లేదని కాగితం మీద రాసిచ్చింది.

ఈ సంగతి మా బార్ అసోసియేషన్ గదిలో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. మొదట్లో ఆ ప్లీడర్లు ఇద్దరే ఉండేవారు. చెప్పగా చెప్పగా నలుగురయ్యారు. అసలు ఎంతమందో ఆ ఘట్టం వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

నేను నలభై ఏళ్లుగా సివిల్ ప్లీడర్ని. గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, చెల్లని చెక్కులు, ఇవీ నా బతుకు. కంప్యూటరంటే మా గుమస్తా దావాలు టైపు చేసే యంత్రమని మాత్రమే తెలుసు. అలాంటి నా దగ్గరికి గజపతినగరం నుంచి బస్సెక్కి మార్తమ్మ వచ్చింది, చేతిలో లీగల్ నోటీసుతో.

నలభై దాటిన మనిషి. తండ్రి బాప్టిస్టు మిషన్ బడిలో పంతులుగా చేసి పోయాడు. గజపతినగరంలో ఆవిడకి కంప్యూటర్ల కొట్టు ఉంది. విడిభాగాలు తెచ్చి, స్వయంగా బిగించి, మెషిన్ తయారుచేసి అమ్ముతుంది. దీన్ని అసెంబుల్డ్ మెషిన్ అంటారు. కొనేవాళ్లలో ఎక్కువమంది బొబ్బిలి, సాలూరు, రాజాం వైపు పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియోవాళ్లు.

తగాదా ఏమిటో నాకు అర్థమైనంతలో చెబుతాను. కంప్యూటర్ లేచి నిలబడాలంటే లోపల ఒక మూల ప్రోగ్రాం ఉండాలి. అదే ఆపరేటింగ్ సిస్టం. పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించడానికి స్టూడియోవాళ్లు ఇష్టపడే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ విదేశీ కంపెనీ సిస్టం మీదే నడుస్తుంది. ఆ సిస్టం ఆ కంపెనీ అమ్మిన మెషిన్ మీదే వాడాలట. ఆ మెషిన్ కొనే డబ్బుతో మావైపు ఫొటోగ్రాఫరు ఒక మోటారుసైకిలు, మంచి కెమెరా కొనుక్కుని ఇంకా పెళ్లాంతో తిట్లు తినకుండా ఉండొచ్చు. అందుకని మార్తమ్మ అదే రకం చిప్పు, అదే రకం భాగాలు తెచ్చి బిగించి, ఆ సిస్టంని దాని మీదకి ఎక్కించేది. మామూలుగా ఎక్కదు. లేచేటప్పుడే ‘ఇది మా మెషినేనా’ అని అది తనిఖీ చేసుకుంటుంది. అవునని నమ్మించే చిన్న ప్రోగ్రాం, బూట్‌లోడర్ అంటారు, ముందు పెట్టాలి. కాపీరైట్ చట్టం కళ్లకి ఆ నమ్మించడం తాళం దాటి లోపలికి వెళ్లడంతో సమానం.

నోటీసులో మూడు కోరికలున్నాయి. వెంటనే ఆ పని మానాలి. భారీగా నష్టపరిహారం కట్టాలి. ఇంతవరకూ అమ్మిన మెషిన్లన్నీ కొన్నవాళ్ల దగ్గర నుంచి వెనక్కి రప్పించి అప్పగించాలి. రెండోదానికి కొట్టు పోతుంది. మూడోదానికి ఊళ్లలో మొహం చెల్లదు.

“వాళ్లకెలా తెలిసిందమ్మా?” అని అడిగాను.

“ఒకాయనొచ్చి మెషిన్ కొన్నాడండి. సాలూరులో కొత్తగా స్టూడియో పెడతన్నానన్నాడు. మద్దినం అయిపోయింది, ఆకలిగున్నాడనీసి ఇంటికాణ్ణించి కేరేజీ తెప్పించి అన్నం కూడా పెట్టాను.”

కంపెనీ మనిషే కొనేవాడి వేషంలో వచ్చి సాక్ష్యం సంపాదించుకోవడాన్ని ట్రాప్ పర్చేజ్ అంటారు. కోర్టులు ఒప్పుకుంటాయి. ఒప్పుకుంటే ఒప్పుకోనీయండి. అన్నం తిని చేయి కడుక్కుని వెళ్లి ఆ అన్నం పెట్టిన మనిషి మీద అఫిడవిట్ ఇచ్చాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

“కొంపదీసి బిల్లు ఇవ్వలేదు కదా?” అన్నాను ఆశగా.

“ఇచ్చానండి. బిల్లు లేకుండా నానేదీ అమ్మను.”

ఆ బిల్లు నకలు తీసి బల్ల మీద పెట్టింది. అడుగున స్టాంపు వేసి ఉంది: ‘ఈ మెషిన్ ఆ కంపెనీది కాదు. వాళ్ల సిస్టం ఇలా వాడటానికి కంపెనీ ఒప్పుకోదు. పాడైతే కంపెనీ చూడదు. నేను చూస్తాను.’ కింద సంతకం.

“ఇదేటమ్మా మార్తమ్మా! కన్నం వేసి, గోడ మీద పేరూ ఊరూ రాసొచ్చినట్టుంది.”

“కన్నమేటండి? డబ్బులిచ్చి కొనేవోడికి ఏటి కొంటన్నాడో తెలియాలి కదా.”

సరే, నా దగ్గర ఒక పెద్ద ఆయుధం ఉందనుకున్నాను. కంపెనీ దావా అంతా లైసెన్స్ అగ్రిమెంట్ అనే కాగితం మీద నిలబడి ఉంది. నిజానికి కాగితం కూడా కాదు, తెర మీద కనబడే పేజీలు, అన్నీ ఇంగ్లీషు. అడుగున ‘ఒప్పుకుంటున్నాను’ అనే బొత్తాం. అది నొక్కితే అన్ని షరతులకీ సంతకం పెట్టినట్టే. మా వృత్తిలో చదువురాని ముసలమ్మ చేత సెంటు భూమి రాయించుకున్నా, రాసినవాడు ‘చదివి వినిపించగా విని అంగీకరించి వేలిముద్ర వేసినది’ అని అడుగున రాయాలి. ఆ ఒక్క ముక్క లేదని కూలిపోయిన దస్తావేజులు నేనెన్నో చూశాను. కొన్ని నేనే కూల్చాను. ముసలమ్మకి ఉన్నపాటి రక్షణ మార్తమ్మకి అక్కర్లేదా? ఎవరు చదివి వినిపించారయ్యా ఈవిడకి? ఈ వాదన తలుచుకుంటే నాకే ముచ్చటేసింది.

“అమ్మా, జడ్జిగారు అడిగితే ఆ షరతులు నువ్వు చదవలేదని చెప్పు, చాలు.”

“సదివానండి.”

“మొత్తమా?”

“రెండుసార్లు సదివాను. సదివాను గాబట్టే కదండి బిల్లు మీద స్టాంపు కొట్టించాను.”

మా గుమస్తా నవ్వాపుకోలేక ఫైళ్ల గదిలోకి పోయాడు.

ఈలోగా కంపెనీ విశాఖలో దావా వేసింది. దాంతోపాటు టెంపరరీ ఇంజంక్షన్ కోరింది, అంటే కేసు తేలేదాకా వ్యాపారం ఆపించే ఉత్తర్వు. మేము కౌంటర్ అఫిడవిట్ వేయాలి. అది ప్రమాణపూర్వకంగా ఇచ్చే జవాబు. నలభై ఏళ్ల అనుభవంతో చక్కగా తయారుచేశాను. ‘నేను ఖాళీ మెషిన్లే అమ్మితిని. కొన్నవారే తమ ఇష్టప్రకారం ఏ సిస్టమో వేసుకొనిరి. స్టాంపు ఎవరు వేసినదీ ఎరుగను.’

మార్తమ్మ అంతా చదివింది. పెన్ను తీసుకోలేదు.

“పైన ప్రమాణమనీసి రాసి, కింద ఇలా ఎలా రాస్తామండి?”

“అది ప్రమాణం కాదమ్మా, ఫార్మాట్. అందరూ రాసేదే.”

“అందరూ రాయనీండి. నా సేతులతో ఎక్కించిన దాన్ని ఎక్కించలేదని ఎలా సెప్పను? పైగా కొన్నోళ్లే సేసుకున్నారంటే తప్పు ఆళ్ల మీదకి పోతాది కదా.”

“నీ మీదే ఉంచుకుంటే ఓడిపోతావు. కొట్టు మూతపడుతుంది. తెలుస్తోందా నీకు?”

“తెలీకేటండి? అన్నం తింటన్నది దాని మీదే.”

రెండు రోజులు గడువిచ్చాను. రెండో రోజు ఫోన్ చేసి అదే మాట చెప్పింది. నేను చింపేసి కొత్తది రాశాను. పేజీన్నర. నా జీవితంలో అంత పొట్టి కౌంటర్ రాయలేదు. అవును, నేనే ఎక్కించాను. షరతు తెలుసు. కొన్నవాళ్లందరికీ చెప్పే అమ్మాను. ఎవరినీ మోసం చేయలేదు. అంతే.

ఇక వాయిదా రోజు. ఒప్పుకుంటానన్నాను కదా: హైదరాబాదు నుంచి వచ్చింది నలుగురూ కాదు, ఇద్దరూ కాదు, ఒకే ఒక్క కుర్ర ప్లీడరు. విమానంలో కూడా కాదు, రైల్లో వచ్చాడు. రాత్రంతా నిద్రలేదని కళ్లు నులుముకుంటున్నాడు. మా కౌంటర్ చూసి, “సార్, మీవాళ్లు కాదంటారని సంచీ నిండా సాక్ష్యాలు మోసుకొచ్చాను, ఇప్పుడివన్నీ ఏం చేసుకోను?” అన్నాడు దిగులుగా.

గంటసేపు వాదించానన్నది కూడా కాస్త సాగదీసిందే. కాఫీ తాగేంత సేపు మాట్లాడి ఉంటాను. బల్ల గుద్దబోయి చల్లగా ఆగిపోయాను. “అయ్యా, నేను పొందూరులో ఖద్దరు పంచె కొన్నాను. డబ్బు కట్టాను. ఫలానా చాకలికే వేయాలి, ఫలానా వీధిలోనే కట్టుకు తిరగాలి అని నేసినవాడు షరతు పెడితే చెల్లుతుందా?” అన్నాను. కోర్టులో ఒకరిద్దరు నవ్వారు. నాకు హుషారొచ్చింది.

జడ్జిగారు కళ్లజోడు తీసి, “పంచె మీరు కొన్నారు. ఇది కొనలేదు, షరతుల మీద వాడుకోవడానికి అనుమతి తీసుకున్నారు. తేడా మీకు నేను చెప్పాలా?” అన్నారు.

ఒక్క వాక్యం. నా పంచె అక్కడే ఊడిపోయింది. చదివి వినిపించే వాదనా, రెండుసార్లు చదివానన్న క్లయింటు పక్కనే నిలబడి ఉండగా, నోట్లోనే ఉండిపోయింది.

ఆయన మార్తమ్మని ముందుకు రమ్మన్నారు. “మీరేమైనా చెప్పుకుంటారా?”

“ఇది తప్పనీసి సట్టం సెప్తే మానేస్తానండి. ఇంకెవరికీ ఎక్కించను. అమ్మేసిన మెషిన్లు మాత్రం అడగొద్దనండి. ఆళ్లు నా మాట నమ్మి కొన్నారు. సీజను మజ్జిలో ఉన్నారు. పెళ్లిళ్లవాళ్ల వీడియోలన్నీ వాటిలోనే ఉన్నాయి. ఏటి కట్టాలన్నా నాను కడతాను, ఆళ్ల గుమ్మాలు ఎక్కొద్దు.”

జడ్జిగారు కుర్ర ప్లీడరు వైపు చూశారు. అతను ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. చాలాసేపు అటూ ఇటూ తిరుగుతూ ఎవరితోనో మాట్లాడాడు. తిరిగొచ్చి, ఆవిడ ఇకమీదట చేయనని హామీ ఇస్తే నష్టపరిహారం వదులుకుంటామని, అమ్మినవాటి జోలికి రామని చెప్పాడు. ఇద్దరూ ఒప్పుకున్నది రాసి కోర్టు ఇచ్చే తీర్పుని కన్సెంట్ డిక్రీ అంటారు. అదే వచ్చింది. ఇందులో నా వాదన వాటా ఎంతో మీరే లెక్కకట్టుకోండి.

అయినా నా కోపం చల్లారలేదు. ఆ రోజు తిరిగొస్తుంటే ఆ కంపెనీ మీద మంటతో నాకు నోట మాట రాలేదు. ఒక వస్తువుకి డబ్బు పుచ్చుకుంటారు, వస్తువు నీది కాదంటారు. మనకి రాని భాషలో రాసి, నొక్కించుకుని, ఒప్పుకున్నావుగా అంటారు. అన్నిటికన్నా ఘోరం ఇది: అదే పని చేసే కొట్లు మూడు జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. వాళ్లకి ఒక్క నోటీసు రాలేదు. ఎలా వస్తుంది? వాళ్లు బిల్లివ్వరు, స్టాంపు వేయరు, అడిగితే తెలియదంటారు. పట్టుబడింది ఒక్క మార్తమ్మ, దాచకుండా చెప్పినందుకు. చెప్పినవాళ్లని కోర్టుకీడ్చి చెప్పనివాళ్లని వదిలేసే పద్ధతి ఏం పద్ధతండీ? అప్పటికే ఆ కంపెనీ చిప్పు కూడా తనదే తయారుచేసుకుంటోందట. ఇక కొత్త సిస్టం ఎవరూ ఎక్కించలేరట. తాళం మార్చడం కాదు, గుమ్మానికే గోడ కట్టేశారు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. అబద్ధానికి జవాబు చెప్పడానికి అవతలివాళ్లు సంచులతో సిద్ధమై వస్తారు. నిజానికి సిద్ధమై ఎవరూ రారు. దీన్ని నలభై ఏళ్ల తర్వాత ఆవిడ దగ్గర నేర్చుకున్నాను గానీ, కంపెనీల మీద ఆ రోజు పుట్టిన కోపం మాత్రం నాది, అందులో కల్పన లేదు.

ఇంతవరకూ రాసి, ఆవిడ పేరు వాడుకున్నాను కాబట్టి, గజపతినగరం వెళ్లి మార్తమ్మకి ఇచ్చాను. కొట్టు సగానికి తగ్గింది. ప్రింటర్లు బాగుచేస్తోంది. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి మొత్తం చదివింది. ఎక్కడా నవ్వలేదు.

“ఎలా ఉందమ్మా?”

“మిగతాదంతా బాగానే ఉన్నాది. కోపం కాడ తప్పు రాసేరు ప్లీడరు బాబూ. ఆ రోజు మీ కోపం కంపెనీ మీద కాదు, నా మీద. ఆ సంతకం పెట్టలేదనీసి. ఇశాపట్నం నుంచి ఇజీనగరం దాకా కార్లో నాతో ఒక్క ముక్క మాటాడలేదు మీరు. తగరపువలస కాడ టీ తాగుదామండీ అన్నాను, కారు ఆపలేదు.”