డార్క్ మేటర్ కోసం కృతజ్ఞత కూడిక

మొన్న శనివారం సాయంత్రం కనకమామిడిలో మా ఇంటి పక్క ఫామ్‌హౌస్‌లో డీజే కిటికీలు అదిరేలా మోగుతుండగా కరెంటు పోయింది. చప్పుడు టక్కున ఆగింది. అప్పుడు గానీ నా పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతోందని నాకు తెలియలేదు. వెంటనే మా అక్క కూతురు గుర్తొచ్చింది.

ఆ పిల్ల చేవెళ్లలో ఇంటర్ చదివి, సిటీలో యూనివర్సిటీలో పరిశోధనకు చేరింది. ఏం వెతుకుతున్నావే అని అడిగితే ఈ డీజేనే చూపించింది. "చిన్నమ్మా, ప్రోటాన్లను తీస్కపోయి లోహానికి కొడితే న్యూట్రినోలనే సన్న కణాలు పుడ్తయి. వాటితోని తేలికైన డార్క్ మేటర్, అంటే ఎవ్వలకు కనబడని పదార్థం, గూడ పుట్టొచ్చు. గని న్యూట్రినోలు గీ డీజే లెక్క, వాటి లొల్లిల అది ఇనబడదు. అందుకే ప్రోటాన్లను ఆ లోహం పక్క నుంచి పోనిచ్చి, ఎనకున్న ఇనుప దిమ్మెకు కొట్టి, జర లొల్లి తగ్గిచ్చి చూస్తం." ప్రయోగం ఎక్కడో విదేశంలో, ఆమె కుస్తీ మాత్రం ఇక్కడ కంప్యూటర్‌తో.

సురంగల్‌లో ఉండే మా అమ్మకు (మేం అవ్వ అని పిలుస్తాం) ఇందులో ఒక్క ముక్కా ఎక్కలేదు. అయినా ప్రతి ఆదివారం చర్చిలో ఒకటే ప్రార్థన: "ప్రభువా, మా పిల్లకు ఆ కనబడనిది కనబడాలె. నా కండ్లు మూతబడకముందే కనబడాలె." అలాంటిది ఓ రోజు పిల్ల ఫోన్ చేసి ఫలితం వచ్చిందంది. ఏం ఫలితమని అడిగే ఓపిక అవ్వకెక్కడిది? పిల్ల వచ్చేసరికి వాకిట్లో షామియానా, గంజులో బగారన్నం, పక్కన మటన్ కూర, కుర్చీలో పాస్టరుగారు. కృతజ్ఞత కూడిక పెట్టేసింది. ఊరంతా చెప్పి వచ్చినదాన్ని నేనే.

దేవుడు చేసిన మేలును అందరి ముందూ నిలబడి చెప్పడాన్ని మావాళ్లు సాక్ష్యం అంటారు. పిల్లను లేపారు. మైకు పట్టుకుని అంది: "ఏం దొరకలే, అమ్మమ్మా."

పాట అందుకోబోయిన అక్క నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆ పిల్ల అక్కడితో ఆగిందా! "మొదట దొరికినట్టే కొట్టింది. మావాళ్లందరు సంబరపడ్డరు. లొల్లి తగ్గిచ్చి చూస్తే దాంతోపాటే అది గూడ మాయమైంది. అవి న్యూట్రినోలే, డార్క్ మేటర్ కాదని నేనే చెప్పిన."

నువ్వేనా? చేతికందినదాన్ని నీ నోటితో నువ్వే కాదన్నావా? అందరం అవ్వ వైపు చూశాం, ఎక్కడ కూలబడుతుందోనని.

"చెప్పకుంటే ఏమవుతుండె బిడ్డా?" అంది అవ్వ.

"కొన్నొద్దులు నా పేరు పేపర్లల్ల వస్తుండె."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడుపే అది, నేను చూశాను. తర్వాత పాస్టరుగారి వైపు తిరిగింది. "ప్రార్థన చేయుర్రి అయ్యగారూ. పిల్ల అబద్ధం ఆడలే."

పోయిన ఏడు అవ్వ కన్నుమూసింది. ఆ పిల్ల ఇంకా వెతుకుతూనే ఉంది. మొన్న చీకట్లో పొయ్యి ఆపేసి, ఆ నిశ్శబ్దంలో అవ్వ గొంతు వినబడుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏమీ వినబడలేదు. 'ఏం దొరకలే' అనే ఆ చిన్న మాటను మైకులో ఉన్నదున్నట్టు చెప్పడానికి ఆ పిల్లకు ఎంత గుండె కావాల్సి వచ్చిందో, ఇన్నేళ్లకు నాకు తెలిసింది.