మాచర్ల ఖాదర్ నా దగ్గర దాచిన పథ్యం

నిన్న పొద్దున షమీమ్ ఫోన్ చేసింది. ఖాదర్ పోయాడంది.

ఏ ఖాదర్ అని అడిగాను.

నాకున్నది ఒక్కడే ఖాదర్. ఫోన్ చేసింది వాడి భార్యే. అయినా అడిగాను.

ఎండాకాలం నుంచీ కడుపులో జబ్బట. కారం ముట్టొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడట. చివరికి జావ కూడా వద్దని మొహం తిప్పుకున్నాడట. ఇదంతా వాడి వీధికి తెలుసు, వాడి షాపులో కుర్రాళ్ళకి తెలుసు.

నాకు తెలియదు.

మిత్రులారా, ఇది నివాళి పోస్టే. కానీ ముందు ఒక ఫిర్యాదు నమోదు చేసుకోవాల్సిందిగా సభాముఖంగా కోరుతున్నాను. నేరం, నమ్మకద్రోహం. ముద్దాయి ఖాదర్. బాధితుణ్ణి నేను.

కేసు పూర్వాపరాల కోసం ఎనభైల్లోకి, నరసరావుపేటలో మా అద్దెగదికి రావాలి.

ఇద్దరం బీయస్సీ. నాది రొంపిచెర్ల, వాడిది మాచర్ల. ఒక కిరసనాయిలు స్టవ్, రెండు గిన్నెలు. చదువు గురించి ఈ సభలో చర్చ అనవసరం.

ఎదురింట్లో చలమయ్య పెదనాయన ఉండేవాడు. పొలం, మీసం, ఊరి రాజకీయం అన్నీ పుష్కలంగా ఉన్న మనిషి. పంచాయితీల దగ్గర అందరూ చూస్తుండగా పచ్చిమిరపకాయలు కొరుక్కుని మజ్జిగన్నం తినేవాడు. మా పల్నాడులో కారం తినలేనన్న మగాడికి ఎంత మర్యాద మిగులుతుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం మా గదికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కడుపులో నిప్పులు పోసినట్టుందన్నాడు. ఇంట్లో చెబితే ముసలోడయ్యాడంటారని, ఊళ్ళో తెలిస్తే ఇంక తన మాట ఎవరూ వినరని వాపోయాడు.

ఖాదర్ లేచాడు. స్టవ్ వెలిగించాడు.

పాత బియ్యం, పెసరపప్పు, నీళ్ళు ధారాళంగా. చిటికెడు పసుపు, కాస్త జీలకర్ర. గరిటెతో మెత్తగా మెదిపి పైన నెయ్యి. పెదనాయన గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మాకు వీపు తిప్పి తిన్నాడు.

ఆ రోజు నుంచి మాది రహస్య హోటల్. కొన్నాళ్ళకి రెంటచింతల నుంచి వచ్చి ఆ వీధిలోనే ఉంటున్న రిటైర్డ్ టీచరు మరియమ్మ అవ్వ కూడా చేరింది. ఆమెకి పళ్ళూ లేవు, సిగ్గూ లేదు. పాలుపోసిన సొరకాయ కూర కావాలని దర్జాగా ఆర్డరేసేది. వండేది వాడు, కూరగాయలు తరిగేది నేను. కాలేజీలో రాని మార్కులన్నీ ఆ ఇద్దరూ మాకు వేశారు.

ఒకరోజు పెదనాయన కోడలు మా గదిమీదికి దండెత్తింది. మామగారు రోజూ సాయంత్రం ఇటొచ్చి ఏం చేస్తున్నాడోనని ఆమె అనుమానం. పేకాటని కొంత, ఇంకేదోనని కొంత.

తలుపు తీసేసరికి పెదనాయన చేతిలో గిన్నె. గిన్నెలో పసుపుపచ్చటి మెత్తటి అన్నం. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవురికబ్బాయ్ ఈ పత్తెం కూడు?" అందామె.

ఖాదర్ వెళ్ళి ఆ గిన్నె ఆయన చేతిలోంచి తీసుకున్నాడు.

"నాకే వదినా. కడుపులో చానా బాగాలేదు. పెదనాయన పాపం దగ్గరుండి తినిపిస్తన్నాడు," అని, ఆమె ఎదుటే మొత్తం తినేశాడు. మధ్యలో రెండుసార్లు మూలిగాడు కూడా.

వదిన జాలిపడి వెళ్ళిపోయింది. చలమయ్య పెదనాయన పోయేదాకా ఊళ్ళో కారం పులిలాగే బతికాడు. ఆ పరువు నిలబెట్టింది మా ఖాదర్.

అదీ సంగతి. లేని జబ్బుని ఇంకొకరి కోసం నెత్తినేసుకున్నవాడు, ఉన్న జబ్బుని నా దగ్గర దాచాడు.

దాయడమంటే మామూలుగానా. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. ఇవాళ గోంగూర మాంసం, ఇవాళ నాటుకోడి అని చెప్పి నాకు నోరూరించేవాడు. వస్తానురా అంటే, లేను, కూతురి దగ్గరికి పోతున్నాననేవాడు. ఆ ఫోన్లన్నీ మంచంలోంచే చేశాడట.

నరసరావుపేట నుంచి మాచర్లకి ఎంత దూరం? బస్సెక్కి ఒక కునుకు తీస్తే దిగిపోవచ్చు.

నాకెందుకు చెప్పలేదని నిన్న మాచర్ల వెళ్ళగానే షమీమ్‌ని నిలదీశాను. ఆ సమయంలో అడగకూడదని తెలుసు. అడిగాను.

"ఆడొస్తే మెత్తంగా వండిపెట్టి నన్ను ముసలోళ్ళల్లో కలిపేస్తాడు, చెప్పమాకు అన్నాడన్నా," అంది.

ముసలోళ్ళల్లో కలపడమట. మేమిద్దరం ఇంకా ఫస్టియర్‌లోనే ఉన్నామని వాడి ఉద్దేశం కాబోలు.

సమాధి దగ్గర ఖాదర్‌కి మట్టి ఇచ్చి వాళ్ళింటికొచ్చాం. ఆ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్ళు ప్రేమగా వండి పంపారు, అన్నీ ఎర్రగా నిప్పుల్లాంటి కూరలే. ఖాదర్ వాళ్ళమ్మ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. మంచం అంచున అలాగే కూర్చుని ఉంది.

పక్కింటికెళ్ళి గ్యాస్ పొయ్యి అడిగాను. పెసరపప్పు, బియ్యం, పసుపు, జీలకర్ర, నెయ్యి. జీవితంలో మొదటిసారి నేనొక్కణ్ణే వండాను. కొంచెం అడుగంటింది.

అమ్మీ పక్కన కూర్చుని చెంచాతో పెట్టాను. రెండు ముద్దలు మింగి నా వైపు చూసింది.

"కారం ఏదిరా దీంట్లో?"

షమీమ్ ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ధైర్యంతో, నిన్నటిదాకా ఇదే పెట్టి ఉంటే మీ వాడు తినేవాడా అమ్మీ అని సరదాగా అడిగాను.

ఆమె నవ్వలేదు.

"మేం పెడితే తిన్లేదు. నువ్వు పెడితే తినేవోడేరా."

ఒరేయ్ ఖాదర్, ఈ ఒక్క మాటకి నిన్ను క్షమించను. కోపం నా దగ్గరే ఉండనీ. నువ్వు మాత్రం ఆ నొప్పి లేని చోట, చల్లగా, ప్రశాంతంగా పడుకో.