కొర్రమట్ట చెవిలో చెరువు

2011, వానాకాలం చివర. హైదరాబాద్‌లో నీళ్ళూ మట్టీ పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. బయట ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె. బస్సుల్లేవు, రైలు ఎప్పుడొస్తుందో తెలియదు. నగరమంతా మధ్యాహ్నం కునుకులో ఉన్నట్టుండేది.

అప్పుడే దంతాలపల్లి వైపు నుంచి చేపల ఆఫీసరు రెండు తెల్లని పలుకులు పంపాడు. కొర్రమట్ట చేప చెవి ఎముకలు. మేం ఓటోలిత్ అంటాం. చేప పెరిగినకొద్దీ ఇవి పొర మీద పొర పెరుగుతాయి. నీళ్ళలోని స్ట్రాన్షియం లాంటి మూలకాలు ఆ పొరల్లో రవ్వంత చేరతాయి. మైక్రోస్కోప్ కింద ఆ వలయాలు చూస్తుంటే నాకు లోకం తెలిసేది కాదు. ఒక పొరలో ఒక వాన, ఇంకో పొరలో తామరాకుల కింద ఒక ఎండపూట. "మేడమ్ మళ్ళీ చెరువులో దిగింది" అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు.

తగాదా ఇదీ. కొమురయ్య అనే అతను ఆ కొర్రమట్టను తన ఊళ్ళో ఉన్న కింది చెరువులో పట్టానన్నాడు. పై చెరువున్న ఊరివాళ్ళు, కాదు, మా చెరువులో దొంగవల వేశాడన్నారు. దొంగని తేలితే మత్స్యకారుల సంఘం అతన్ని వెలివేస్తుంది, ఇక ఏ చెరువులోనూ దిగనివ్వదు. పై చెరువు చేపల్లో స్ట్రాన్షియం ఎక్కువ, కింది చేపల్లో తక్కువ. అది రెండు చెరువుల చేపలూ తెప్పించి ముందే చూసిపెట్టుకున్నాను.

కొలత నమ్మాలంటే రిఫరెన్స్ మెటీరియల్ ఉండాలి. చేపల చెవి ఎముకల్నే నూరిన పొడి అది. అందులో ఏది ఎంతుందో తేల్చి, అంకెల కాగితంతో సీసాలో అమ్ముతారు. దాన్నీ మన నమూనాతో పాటే కరిగించి మెషీన్‌కిస్తే కాగితం మీది అంకె రావాలి. వచ్చింది. కొమురయ్య చేప ఎముకల అంచు నుంచి, అంటే చివరగా పెరిగిన పొర నుంచి, తీసిన ముక్కల్లో మాత్రం స్ట్రాన్షియం ఎక్కువ. ఇంకేం, దొంగే! రిపోర్టు టైపు చేశాను, సంతకమే తరువాయి.

పెన్ను తీశాక ఆగిపోయాను. కుడి ఎముక అంకెకూ ఎడమ ఎముక అంకెకూ పొంతన లేదు. ఒకే తల, ఒకే నీళ్ళు కదా! మెషీన్ తప్పు కాదని పొడి చెబుతూనే ఉంది. ఎముకలకే ఏదో అంటింది. ఆఫీసరుకు ఫోన్ చేస్తే "భద్రంగనే ఉంచిన్రు మేడమ్" అన్నాడు. నాకు చిర్రెత్తింది. భద్రమంటే ఎక్కడయ్యా?

రైలు దొరికిన రోజు డోర్నకల్‌లో మా ఇంటికి చేరి, తెల్లారి అన్నయ్య బండి మీద బయల్దేరాను. ఒక రైలు గేటు దగ్గర సమ్మెవాళ్ళు పట్టాల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మాకూ విస్తట్లో ఇంత పులిహోర పెట్టారు. పొగలో, పాటల్లో, ఎక్కడికీ పోని ఆ పట్టాల మీద కూర్చుంటే లేవబుద్ధి కాలేదు.

ఊళ్ళో నన్ను లచ్చవ్వ దగ్గరికి తీసుకెళ్ళారు. రెండు ఊళ్ళకూ ఆమే మంత్రసాని. అందరి ముందూ చేప తల కోసి ఎముకలు తీసిన రోజే బస్సులు ఆగిపోయాయట. పంపే దారి దొరికేదాకా వాటిని ఎవరి దగ్గర ఉంచాలంటే రెండు ఊళ్ళూ ఆమె పేరే చెప్పాయి.

"ఏడ దాచినవ్ అవ్వా?" అనడిగాను.

"ఏడనో ఎందుకు పెడత బిడ్డా? నా నడుముకే ఉండె." రొంటిన దోపిన ఆకువక్కల సంచి తీసి, అందులోంచి చిన్న డబ్బా తెరిచింది. "గిండ్లనే పెట్టిన. గిది ఎవ్వలు ముట్టరు."

సున్నం డబ్బా! సున్నంలోనూ స్ట్రాన్షియం ఉంటుంది. ఒక ఎముకకు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అంటినట్టుంది. తెల్లని ఎముక మీద తెల్లని సున్నం ఎవరికి కనబడుతుంది? నేనూ నీళ్ళతో పైపైన కడిగి సరిపెట్టాను, నా బుద్ధి గడ్డి తిని.

సంగతి విని లచ్చవ్వ ముఖం వాడిపోయింది. "కొమురయ్య తల్లి కాన్పు నేనే చేసిన. గీ చేతులతోటే ఆణ్ని దొంగను జేస్తుంటినా?"

"తప్పు నాది అవ్వా" అన్నాను. నిజంగా సిగ్గేసింది.

తిరిగొచ్చి, మిగిలిన ఎముకల పైపొర అరగదీసి లోపలి పొరలు కొలిచాను. ఈసారి కుడి, ఎడమ కలిశాయి. పుట్టిన దగ్గర్నుంచీ కింది చెరువు నీళ్ళే.

రిపోర్టు నేనే పట్టుకెళ్ళి ఊరందరి ముందూ చదివాను. పొడి సంగతీ, మొదట వచ్చిన తప్పుడు అంకె సంగతీ దాచకుండా చెప్పాను. కొమురయ్య అంతా విని అడిగాడు.

"అక్కా, ముందుగాల గా పొడి నన్ను దొంగన్నదా?"

"లేదన్నా. పొడి మెషీన్ సంగతే చెప్పింది. నిన్ను దొంగ అనుకున్నది నేను."

అప్పటినుంచి ఎవరు నమూనా తెచ్చినా, సీసా ముట్టకముందే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇన్నాళ్ళూ ఇది ఎవరి చేతుల్లో ఉందో చెప్పమంటాను.