నా దగ్గర మంచిగనే వస్తాంది

2019 ఎండకాలం. నల్లగొండల ఒక మేడ మీది గదిల నా ఆఫీసు. రెండు మూడు దవాఖానలకు, ఒక బ్లడ్ బ్యాంకుకు కంప్యూటర్ల పని నేనే చూస్తుంటి. రక్తమిచ్చేటోళ్ల పేరు, గ్రూపు, ఊరు, ఫోన్ నంబర్ అన్నీ ఒక సెర్చ్ సర్వర్ల ఎక్కిచ్చిన. గ్రూపు కొడితే దగ్గర్లున్నోళ్ల పేర్లు, నంబర్లు వరుసగా పడుతయి. సర్వర్ నా ఆఫీసులనే ఉండె. దాన్ని నిలబెట్టింది నేనే అని నాకు జర గీర గూడ ఉండె.

ఒకనాడు పదకొండు గంటలకు బ్లడ్ బ్యాంకు కౌంటర్ చూసే మేరీ అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, సెర్చ్ కొడితే హోస్ట్‌కు కనెక్షన్ దొరకలేదని ఎర్ర అక్షరాలొస్తున్నయి. ఓ నెగెటివ్ కావాలె, జర జల్ది చూడు. పోచంపల్లి దిక్కు మగ్గం నేసేటోళ్ల పిల్ల. కాన్పయింది, రక్తం ఆగుతలేదు."

హోస్ట్ అంటే సర్వర్ నడిచే మిషిన్. నేను ఆ మిషిన్ ముందటనే కూసున్న గద, ఓ నెగెటివ్ అని కొట్టి చూసిన. టక్కున పేర్లు పడ్డయి.

"నా దగ్గర మంచిగనే వస్తాందక్కా. మీ నెట్ చూసుకోండ్రి."

"నెట్ ఉన్నది తమ్మీ, వాట్సాప్ నడుస్తాంది."

"అయితే రౌటర్ బంద్ చేసి మళ్ల పెట్టండ్రి."

పెట్టింది. మళ్ల అవే ఎర్ర అక్షరాలు. కేబుల్ గుంజి పెట్టమన్న, కంప్యూటర్ బంద్ చేసి తియ్యమన్న. ఆ పిల్ల పెనిమిటి కౌంటర్ కాడనే ఉన్నట్టున్నడు, "మేడం, ఎవలన్న దొరికిన్రా?" అని అడుగుడు నాకు ఫోన్ల వినబడుతనే ఉన్నది. నేను మాటిమాటికి ఇటు కొట్టి చూస్తున్న, పేర్లు వస్తున్నయి, నాకేమో కోపం లేస్తాంది. తప్పు నాది కాదని చూపెట్టుకునుట్లనే ఉన్న.

ముప్పావు గంటయినంక యాదికొచ్చింది. ముందురోజే సర్వర్‌కు కొత్త వెర్షన్ ఎక్కిచ్చిన! సెట్టింగుల ఫైల్ తెరిస్తే, హోస్ట్ అన్న కాడ దాని సొంత అడ్రస్సే ఉన్నది. అంటే ఆ మిషిన్ ముందట కూసున్నోనికి తప్ప బయటోళ్లెవలికీ అది జవాబియ్యదు. ఒక్క లైన్ మార్చుడు మరిచిన. మార్చి, సర్వర్ మళ్ల లేపిన. అక్క కంప్యూటర్ల పేర్లు పడ్డయి. మొదటి పేరు చిట్యాలల బడి పంతులుది. అక్క ఫోన్ చేస్తే బండేసుకొని అరగంటల వచ్చిండు.

అప్పటికే ఆ పిల్ల పానం పోయింది. నేనురికి పోయేసరికి పంతులు చొక్కా చెయ్యి పైకి మడుచుకొని బ్లడ్ బ్యాంకు వరండాల నిలబడ్డడు. ఆయనకు ఎవలూ ఏం చెప్పలే. పెనిమిటి గోడకు ఒరిగి కూసున్నడు.

"తప్పెక్కడుండె తమ్మీ?" అన్నది మేరీ అక్క. వెర్షన్, హోస్ట్ అడ్రస్, అన్నీ చెప్పిన. మొత్తం ఇన్నది.

"పొద్దుగాల నీ దగ్గర పేర్లు వచ్చినయంటివి గద."

"వచ్చినయక్కా."

"మరి ఆ నంబర్ నాకు ఫోన్ల చదివి చెప్తే అయిపోతుండె గద?"

ఆ పంతులు నంబర్ ముప్పావు గంట నా కండ్ల ముందటనే ఉన్నది. సర్వర్ మంచిగున్నదనేటందుకు సాక్ష్యం లెక్క చూసిన గని, అదొక మనిషి నంబర్ అనుకోలే. థూ, నా బతుకు!

ఇప్పుడు ఎవలు ఫోన్ చేసినా ముందుగాల "మీకేం గావాలె" అని అడుగుత. అది చేతిల పెట్టినంకనే తప్పెక్కడున్నదో దేవులాడుత. గింతమాత్రం తెలుసుకునేటందుకు ఒక పచ్చి బాలింత పోయింది. ఆమె బిడ్డ బతికింది, ఈపాటికి బడికి పోతుండొచ్చు. ఒక్కపారి పోయి చూసొద్దామనుకుంట గని, ఇప్పటిదాక పోలే.